పొద్దున్నే అడగకూడని ప్రశ్న

ఆ ఏడు ఆషాఢం గాలి కంటే పది రోజులు ముందే మా ఆఫీసులోకి ఎజైల్ అనే పని పద్ధతి వచ్చింది. రెండూ కాగితాలు ఎగరగొట్టడానికే వచ్చాయని నేను మొదటిరోజే అన్నాను. నా నోరు అలాంటిది. తప్పులు వెతికే ఉద్యోగం నాకు పుట్టుకతోనే వచ్చిందని మా నాయన అంటాడు.

మా ఆఫీసంటే కర్ణాటకలో పావగడ తాలూకా వై.ఎన్.హొసకోట బజారులో శనక్కాయల గోడౌను మీది మిద్దె. కింది గోడౌను అనంతరాము సార్ వాళ్ల తాతల నాటిది. ఆయన బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతారు. సొంత ఊరి మీద మమకారం కొద్దీ మా ఆరుగురిని ఇక్కడ పెట్టారు. మేం సోలార్ పార్కు కోసం ఒక యాప్ చేస్తున్నాం. సోలార్ పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. వాటిని తుడిచే ఆడవాళ్లు ఒక్కో సాలు పూర్తవగానే ఫోన్లో బొత్తాం నొక్కాలి. నొక్కితే మ్యాపులో ఆ సాలు పచ్చబడుతుంది. ఆ పచ్చను చూసుకుని నీళ్ల ట్యాంకరు తర్వాతి సాలు దగ్గరికి పోతుంది. వేరేవాళ్లు రాసిన ఈ యాప్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. పలకలు తుడిచే పన్నెండు మందిలో మా అమ్మ రత్న ఒకతె.

అనంతరాము సార్‌కు కొత్త పద్ధతులంటే ఇష్టం. అంతకుముందేడు కంపెనీలో అందరికీ రంగురంగుల బెల్టులిచ్చే పద్ధతి పెట్టారు. మా ఆఫీసు పెద్ద నాగేంద్రన్నకు పచ్చ బెల్టు వచ్చిందని మెయిల్ వచ్చింది. అది నడుముకు కట్టుకునేది కాదనీ, ఉత్త సర్టిఫికెట్టనీ తెలిసి ఆయన రెండు రోజులు చిన్నబుచ్చుకున్నాడు. ఈసారి ఎజైల్. నేర్పడానికి కార్తిక్ అనే అతన్ని పంపారు.

కార్తిక్‌కు ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లమ్మది హిందూపురమట, సెలవుల్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడతాడు. రంగు చీటీల కట్టలు, నల్ల పెన్నులు, ఒక చిన్న ఇత్తడి గంట తెచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి గంట కొట్టి మా ఆరుగురినీ గోడ ముందు నిలబెట్టాడు.

"దీన్ని స్టాండప్ అంటారు. రోజూ పదిహేను నిమిషాలు. కూర్చుంటే మాటలు సాగుతాయి, అందుకే నిలబడాలి. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. నిన్న ఏం చేశారు? ఈరోజు ఏం చేస్తారు? మీ పనికి ఏం అడ్డం వస్తోంది?"

మొదటి రెండింటికీ గడగడా చెప్పాం. మూడోదాని దగ్గర అందరూ నేల చూపులు చూశారు. నాగేంద్రన్న గొంతు సవరించుకుని "అడ్డమేం లేదప్పా" అన్నాడు. యాప్ రాసే అంబుజ "ఏం లేదు" అంది. అలా వరసగా నా దాకా వచ్చింది. నేనూ అదే అన్నాను.

"ఏ అడ్డమూ లేని టీమును నేను ఇంతవరకూ చూడలేదు" అని కార్తిక్ సంబరపడి, గోడంతా పచ్చ చీటీలు అంటించాడు. పని సాగుతుంటే పచ్చ చీటీ, ఎక్కడైనా ఆగితే ఎర్రది. ఎర్ర చీటీల కట్ట విప్పకుండానే కిటికీలో పెట్టాడు.

పాపం, అతనికి తెలియదు. మా వైపు పనికి బయల్దేరిన మనిషిని "యాడికి" అని కూడా అడగం. అడిగితే పోయిన పని కాదంటారు. అలాంటిది పొద్దున్నే, పని మొదలుపెట్టకముందే, అడ్డమేమిటని నోరారా అడిగితే ఎవరు చెబుతారు? పైగా నిలబెట్టి అడగడం. మా ఊళ్లో పంచాయితీ జరిగితే పెద్దలంతా కూర్చుంటారు. నిలబడేది తప్పు చేసినవాడొక్కడే.

ఆ రోజు చివర్లో కార్తిక్ ఇంకో మాట చెప్పాడు. సార్ అన్ని ఆఫీసులనూ ఈ పద్ధతిలోకి మారుస్తున్నారు. జూలై ఆఖరుకల్లా యాప్ నడుస్తోందని చూపిస్తే హొసకోట ఆఫీసు ఉంటుంది. లేకపోతే మిద్దెకు తాళం వేసి అందరూ బెంగుళూరుకు రావాలి.

బెంగుళూరులో నేను రెండేళ్లు లేడీస్ హాస్టల్లో ఉండి వచ్చాను. నలుగురికి ఒక గది, ఆ గదికి ఒక కిటికీ, ఆ కిటికీకి ఎదురుగా ఇంకో హాస్టలు గోడ. చదివిన చదువుకు తగిన పని, సాయంత్రానికి మా ఊరు వెంకటమ్మనహళ్లిలో అమ్మ చేతి రాగిసంగటి, రెండూ ఒకేచోట దొరికినవాళ్లు మా తాలూకాలో ఎందరుంటారు? దాన్ని పోనివ్వదలచుకోలేదు. మర్నాటి నుంచి అందరికంటే గట్టిగా "అడ్డమేం లేదు" అన్నది నేనే.

*

ఇంట్లో ఈ సంగతి చెబితే మా నాయన గుండప్ప తింటున్న ముద్ద ఆపాడు.

"పనికి పొయ్యేటోన్ని ఎదురొచ్చి అడ్డమేందని అడుగుతాడా? వానికి అమ్మానాయనా ఉండారా లేరా?"

"ఉండారు నాయనా. అమ్మది హిందూపురమంట."

"అయితే తెలిసుండాల్నే."

భూమి పార్కుకు లీజుకిచ్చాక నాయన చేతికి పని తగ్గింది. మూడు మేకలు, ఒక రేడియో, బోలెడంత పొద్దు మిగిలాయి. అందుకని ఏ కొత్త సంగతి చెప్పినా రెండు రోజులు దాన్నే నెమరేస్తాడు. మూడో రోజు సాయంత్రం నేను వచ్చేసరికి బీరువా తలుపు మీద మూడు గీతలు గీసి ఉన్నాయి. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. నేను తెచ్చిపెట్టిన చీటీల మీద ఆయన కన్నడ అక్షరాలతో తెలుగు రాశాడు. మా ఇంట్లో అందరి రాతా అంతే, బడిలో నేర్చింది కన్నడమైతే నోట్లో ఉన్నది తెలుగు. దుమ్ముకు చీటీలు నిలవకపోతే ఒక్కోదానికీ ఒక అన్నం మెతుకు రాసి అంటించాడు.

"పద్ధతి మంచిదే, వేళ తప్పు" అని తేల్చాడు. "మనం సాయంత్రం పెడ్తాం, కూచోని."

అలా మా ఇంట్లో రోజూ భోజనాల దగ్గర స్టాండప్ కూర్చుని జరిగేది. నాయన పేరు కింద చీటీలు గంపెడు. మేకకు మందు, రేడియోకు బ్యాటరీ, గేటు కొక్కెం. నా పేరు కింద నాలుగో ఐదో ఉండేవి. అమ్మ పేరు కింద ఒక్కటీ లేదు.

"నాదేముండాది? నిన్న తుడిచినా, రేపూ తుడుస్తా" అనేది అమ్మ. ఆ తర్వాత నా వైపు చూడకుండా, సంగటి వడ్డిస్తూ, "మీ యాప్ బాగుండాది పాపా" అనేది. రోజూ అదే మాట. తప్పులు పట్టడానికి జీతం తీసుకుంటున్నదాన్ని, ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. పట్టదలచుకోలేదు అంటే ఇంకా నిజం.

ఎందుకంటే నాకు ఒకటి కనబడుతూనే ఉంది. ఆడవాళ్లు తెల్లవారక ముందే పనిలోకి దిగుతారు. సాళ్లు ఒక్కొక్కటే పచ్చబడుతూ రావాలి. కానీ మా లెక్కల్లో సాళ్లన్నీ పదిన్నరకూ పదకొండుకూ మధ్య, గుంపుగా పచ్చబడేవి. పన్నెండు మంది అరగంటలో మూడు వందల సాళ్లు తుడవడానికి వాళ్లేమైనా దేవతలా? చూశాను, పేజీ మూశాను. గోడ పచ్చగా ఉంది, మ్యాపు పచ్చగా ఉంది, బెంగుళూరులో సార్ సంతోషంగా ఉన్నారు. ఇంక నాకెందుకు?

*

జూలై మొదటి వారంలో గాలి ముదిరింది. చెట్టు మీది కాకి కూడా ఎదురు తిరిగి కూర్చునే గాలి. ఆ వారమంతా అమ్మ పదిన్నరకు రావాల్సింది పన్నెండున్నరకు వచ్చేదని నాయన చూశాడు. నాకేం చెప్పలేదు. ఒక సాయంత్రం నేను బజారులో కొని తెచ్చిన రంగుల కట్టలోంచి ఎర్ర చీటీ ఒకటి తీసి, "రత్న, రెండు గంటలు ఆలస్యం" అని రాసి అమ్మ పేరు కింద అంటించాడు.

"అదేంది, నన్ను అడగకుండా?" అంది అమ్మ.

"నువ్వు చెప్పవు గదా. ఇప్పుడు సాయంత్రమే, పనైపోయింది. చెప్తే ఏం కాదు."

"ట్యాంకరు రాలేదు, అంతే."

"ఎందుకు రాలేదు?" అన్నాను నేను. అది నా వృత్తి దోషం. ఒక ఎందుకు నోట్లోంచి వస్తే దాని వెనక నాలుగు వస్తాయి.

"వేరే సాలు కాడ నిలబడింది."

"ఆడెందుకు నిలబడింది?"

"ఫోన్లో అట్ల చూపించిందంట డ్రైవరుకు."

"ఫోన్లో ఎందుకు తప్పు చూపిస్తాది? తుడిచిన సాలుకు మీరే గదా నొక్కేది?"

అమ్మ చెంబులోని నీళ్లు చేతి మీద పోసుకుని, ఆ చేతిని నా ముందు చాపింది.

"చేతులు తడి పాపా. నొక్కితే పలకదు" అంది. "పెరుగు తెస్తా ఉండు" అని లేచి లోపలికి పోయింది.

*

మర్నాడు తెల్లవారుజామున అమ్మ వెంట నేనూ పోయాను. కనుచూపు మేర పలకలు, అప్పుడే తేలుతున్న వెలుతురులో బూడిదరంగులో ఉన్నాయి. చీరల మీద కంపెనీ చొక్కాలు తొడుక్కుని, పొడుగు కర్రల వైపర్లు పట్టుకుని పన్నెండు మంది దిగారు. ఒకతె పైపుతో నీళ్లు కొడుతుంటే ఇంకొకతె తుడుస్తుంది. చేతులు మోచేతుల దాకా తడి. మా కంపెనీ ఇచ్చిన పన్నెండు ఫోన్లు షెడ్డులో ఒక స్టీలు బేసిన్లో ఉన్నాయి. పనైపోయాక సూపర్‌వైజరు శివరాజు ఆ బేసిను ముందేసుకుని, ఏ సాలు ఎవరు తుడిచి ఉంటారో అందాజుగా తలచుకుని, పన్నెండు ఫోన్లూ తనే నొక్కుతాడు. ఆ అందాజు పచ్చను నమ్మి మర్నాడు ట్యాంకరు ఇంకెక్కడో నిలబడుతుంది.

ఒక ఫోను తీసి తడిచేత్తో నొక్కి చూశాను. తెర ఎటో జారింది. మళ్లీ నొక్కితే ఎవరిదో సాలు తెరుచుకుంది. ఇంకోసారి నొక్కితే కన్నడమా ఇంగ్లీషా అని అడిగింది. ఎండ వచ్చాక ఆ మాత్రం కూడా కనబడలేదు. ఆ బొత్తాన్ని నేను మూడు వందల సార్లు పరీక్ష చేశాను. ఫ్యాను కింద, కుర్చీలో, పొడిచేత్తో.

"దానికి నీళ్లంటే బయం పాపా, మేకపిల్ల మాదిరి" అని నవ్వింది ముత్తక్క. ఆ ముఠాకు ఆమే పెద్ద. అరవై దాటాయి, ఊరందరికీ అక్కే.

"ఇన్ని దినాలు ఎవురూ చెప్పలేదేంది ముత్తక్కా?"

"చెప్తే మీ ఆఫీసుకు తాళమేస్తారని రత్న అనింది. ఒక్క ఆడబిడ్డ ఊర్లో ఉండి ఉద్యోగం చేస్తాండాది, రెండు నెలలు ఎండలో నిలబడితే మనం కరిగిపోతామా అనుకుంటిమి. పన్నెండు మందిమీ ఒట్టేసుకున్న్యాం."

నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది, అది వాళ్ల మీద కాదు. వీళ్లు నా కోసం ట్యాంకరుకు ఎదురుచూస్తూ ఎండలో నిలబడ్డారు. నేను నా కోసం పేజీ మూసుకుని కూర్చున్నాను. దూరంగా ఉన్న సాలులో అమ్మ నన్ను చూడనట్టు తుడుస్తూనే ఉంది.

*

శనివారం అనంతరాము సార్ వస్తున్నారు. శుక్రవారం నేను సంగతి చెబితే నాగేంద్రన్న ముఖం పాలిపోయింది.

"నిజమే వినుతా. అయితే ఎర్ర చీటీ సోమవారం పెట్టుకుందాం. సార్ పోయినాక."

"సోమవారమైతే సార్ ఉండరు గదన్నా."

"అందుకేగదమ్మా సోమవారం అనేది."

శనివారం తొమ్మిదింటికి గంట కొట్టారు. గోడ నిండా పచ్చ చీటీలు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. కార్తిక్ మూడు ప్రశ్నలూ అడుగుతూ వచ్చాడు. అడ్డమేం లేదు, అడ్డమేం లేదు, అడ్డమేం లేదు. నా దగ్గరికి వచ్చింది.

"అడ్డం ఉంది" అన్నాను.

పక్కన అంబుజ "శివశివా" అనుకోవడం వినిపించింది. పొద్దున్నే, నిలబడి, పని మొదలుకాకముందే అన్నాను మరి. ఇంక మాటలతో చెప్పే పని పెట్టుకోలేదు. నీళ్ల సీసా మూత తీసి, ఫోనుతో పాటు సార్ ముందు పెట్టాను.

"సార్, చెయ్యి తడుపుకొని ఒక్కసారి నొక్కండి."

ఆయన నన్నొకసారి చూసి, చెయ్యి తడుపుకున్నారు. నొక్కారు. మళ్లీ నొక్కారు. నాలుగోసారి ఫోను ఆయన్ని కన్నడమా ఇంగ్లీషా అని అడిగింది.

"అంటే ఈ పచ్చ అంతా?"

"సూపర్‌వైజరు షెడ్డులో కూర్చుని నొక్కిన పచ్చ సార్. మొదటిరోజు నుంచీ అంతే."

"నీకు తెలుసా?"

"అనుమానం ఉండింది సార్. అడగలేదు."

ఆయన గోడ మీది పచ్చ చీటీలను ఒక్కొక్కటే చదివారు. నేను మనసులో హాస్టలు కిటికీని చూస్తున్నాను. చివరికి చేతిరుమాలుతో చెయ్యి తుడుచుకుని, "జూలై ఆఖరు మారదు. మూడు వారాలుంది" అని మెట్లు దిగిపోయారు.

తిడతాడేమోనని కార్తిక్ వైపు చూశాను. అతను కిటికీలోంచి ఎర్ర చీటీల కట్ట తీసి, పైకాగితం విప్పుతున్నాడు. మొదటి చీటీ మీద "తడిచేతులు" అని రాసి గోడ నడిమధ్య అంటించాడు.

"నాలుగు ఆఫీసులు తిరిగాను. నాలుగింట్లోనూ పచ్చే. ఇదే మొదటి ఎర్ర చీటీ" అన్నాడు. అతని కళ్లల్లో నిజంగా సంతోషం ఉంది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మీరంతా?"

మెట్ల మీద కూర్చోబెట్టి, మా నాయన చెప్పినదంతా అతనికి చెప్పాను. పొద్దున యాడికి అని ఎందుకు అడగరో, పంచాయితీలో నిలబడేదెవరో. అతను ప్రతిదీ రాసుకునే మనిషి. అప్పుడు మాత్రం పెన్ను తీయలేదు.

"మరి ఎప్పుడు అడగాలి?"

"పనైనాక. కూర్చోబెట్టి. తినడానికి ఏదన్నా పెట్టి."

"స్టాండప్‌ను కూర్చుని చేస్తే దాన్నేమంటారు?"

"మాట్లాడుకోవడం అంటారు" అన్నాను.

*

సోమవారం పదకొండింటికి పార్కు షెడ్డులో చాప పరిచాం. మా ఆఫీసు ఆరుగురం, కార్తిక్, పన్నెండు మంది ఆడవాళ్లు, శివరాజు. మధ్యలో బేసిను. అందులో ఈసారి ఫోన్లు కాదు, ఉల్లిపాయా పచ్చిమిరపా తరిగి కలిపిన బొరుగులు. కార్తిక్ గంట తీసి, నా ముఖం చూసి, మళ్లీ సంచిలో పెట్టేశాడు.

మొదటి పిడికిలి నమలగానే మాటలు మొదలయ్యాయి. తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. ఫోను మెళ్లో వేసుకుంటే వంగినప్పుడు పలకకు కొట్టుకుంటుంది. చొక్కా జేబు లోతు చాలదు. రామాంజినమ్మ పేరు యాప్‌లో రామాంజినప్ప అని పడింది, నెల రోజులుగా మిగతావాళ్లంతా ఆమెను మామా అని పిలుస్తున్నారు. అందాజుగా నొక్కి నొక్కి తనకు రాత్రి కలలో కూడా సాళ్లే వస్తున్నాయని శివరాజు మొత్తుకున్నాడు. అరగంటలో ఎర్ర చీటీల కట్ట అయిపోయింది. కార్తిక్ పసుపు చీటీల మీద రాసి మూలన ఎర్రగా చుక్క పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

తడిచేతుల దగ్గరికి వచ్చేసరికి ముత్తక్క బొడ్లోంచి తన పాత ఫోను తీసింది. అంకెల మీటలున్న చిన్న ఫోను.

"నాది సూడండి. తొట్లో పడినా పలుకుతాది. నొక్కితే టక్కుమంటాది. మీ ఫోనుకు నొక్కేదే లేదు, ఉత్త నున్నగుండాది."

"ఉండాది ముత్తక్కా, పక్కన ఉండాది" అన్నాను. అంటూనే నా వేలు మా ఫోను అంచు మీదికి పోయింది. శబ్దం పెంచే మీట. అది తెర కాదు, దానికి తడి పట్టదు. అంబుజ నా వేలును చూసింది, నేను అంబుజను చూశాను. ఆమె బొరుగుల చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, "నాలుగు దినాలియ్యి" అంది.

నాలుగు అన్నది ఐదైంది. ఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి నడుముకు కట్టుకోవాలి. సాలు పూర్తయితే సంచి మీంచే పక్కమీటను నొక్కాలి. ఎండలో తెర కనబడదు కాబట్టి ఫోనే పైకి లెక్క చెబుతుంది. మొదట ముత్తక్కకే కట్టి చూశాం. ఆమె సాలు తుడిచి, నొక్కింది. ఫోనులో మిషను గొంతు "ఒకటి" అంది.

ముత్తక్క సంచి విప్పి నా చేతిలో పెట్టేసింది.

"ఏమైంది ముత్తక్కా? పలికింది గదా."

"మొదటిది ఒకటనరు పాపా. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. యాభయ్యేండ్లు కళ్లంలో శనక్కాయ కొలిచినా, ఒకటి అని ఎప్పుడూ అనలేదు. నేనన్లేదంటే మా అత్త గూడా అన్లేదు. ఇప్పుడు నా నడుముకు కట్టుకోని అనిపించాల్నా?"

మిషను గొంతు కంపెనీ కొన్నది, మార్చడం కుదరదని నాగేంద్రన్న గొణిగాడు. కార్తిక్ నా వైపు చూసి, "వాడేవాళ్లు వద్దంటే వద్దే. ఈ పద్ధతిలో నాకు అర్థమైంది అదొక్కటే" అన్నాడు.

"అయితే నువ్వే చెప్పు ముత్తక్కా" అన్నాను.

గాలి రొద లేని చోటు కావాలి. మా మిద్దె మీద కిటికీలు ఊగుతూ ఉంటాయి. కింద గోడౌనులో మూటల మధ్య ముత్తక్కను కూర్చోబెట్టి తలుపులు వేశాం. అడగగానే మొదలుపెట్టింది. కళ్లంలో కొలిచే గొంతు, ప్రతి అంకెనూ కొంచెం సాగదీసి, తర్వాతిదానికి చోటు వదిలే గొంతు. ముప్పై దాకా చాలన్నాం. నూరు దాకా ఆపకుండా చెప్పి, మంచినీళ్లడిగింది.

*

జూలై ఆఖరు శనివారం తెల్లవారుజామున సార్ నేరుగా పార్కుకే వచ్చారు. నాగేంద్రన్న ఆయనకు మ్యాపు చూపించాలని ట్యాబ్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గాలి బాగానే ఉంది.

ఆడవాళ్లు సాళ్లలోకి దిగారు. నీళ్ల చప్పుడు, వైపర్ల చప్పుడు. కాసేపటికి ఎడమ వైపు నుంచి ముత్తక్క గొంతు వినిపించింది. "లాభం." ముత్తక్క ఉన్నది కుడివైపు. అది మా అమ్మ నడుము దగ్గరి ఫోను. అమ్మ తలెత్తలేదు, ఫోను వంక చూడలేదు, వైపరును భుజానికెత్తుకుని రెండో సాలులోకి పోయింది. ఆ వెంటనే ఇంకో సాలులోంచి లాభం, ఇంకోదాంట్లోంచి లాభం. అప్పుడే ముందుకు పోయిన ఎవరికో రెండు. పలకల మధ్య అటూ ఇటూ ఒకే గొంతు.

నాగేంద్రన్న చూపిస్తున్న మ్యాపును సార్ చూడడం లేదు. తల కొంచెం వంచి వింటున్నారు. ఆయన తాత మా మిద్దె కింది గోడౌనులో శనక్కాయలు కొలిపించిన మనిషి. సార్ పెదవులు కదలడం నేను చూశాను. రెండు, మూడు, నాలుగు. చిన్నప్పటిది ఏదో నోట్లో పెట్టుకున్నట్టు మెల్లగా. అంతలో ట్యాంకరు వచ్చింది. ఎక్కడ నీళ్లైపోతున్నాయో సరిగ్గా ఆ సాలు చివర ఆగింది.

తిరిగి కారెక్కుతూ సార్ నాగేంద్రన్నను పిలిచారు. నాలుగడుగుల దూరంలో చెవి అటు పెట్టి నిలబడ్డాను.

"మిద్దె మీద ఒక ఫ్యాను తిరగడం లేదు గదా నాగేంద్రా."

"అవును సార్, పోయిన ఎండాకాలం నుంచి."

"బాగు చేయించు. వచ్చే ఎండాకాలం కష్టమవుతుంది."

కారు పోయింది. నాగేంద్రన్నకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. నాకు అంతసేపు పట్టలేదు. అంబుజను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

తర్వాత జరిగింది కార్తిక్ ఫోన్లో చెప్పాడు. బెంగుళూరు ఆఫీసులో ఇప్పుడు పావగడ పద్ధతి అని పెట్టారట. సాయంత్రం నాలుగింటికి అందరూ చాపల మీద కూర్చోవాలి, బొరుగులు తినాలి, అడ్డాలు చెప్పాలి. బొరుగుల్లో ఉల్లిపాయ ఎంత ఉండాలో కూడా ఒక పేజీ రాశారట. "ఎవరన్నా అడ్డం చెప్తాండారా?" అని అడిగాను. "ఇంకా లేదు, తింటున్నారు" అన్నాడు. మన పద్ధతి కూడా వచ్చే ఏడు బెల్టుల దారే పడుతుందేమో. పడనీ.

సార్ వచ్చిపోయిన ఆ శనివారం సాయంత్రం భోజనాల దగ్గర మామూలుగానే నాయన బీరువా ముందు కూర్చున్నాడు. నావి అడిగాడు, చెప్పాను. అడ్డమేందంటే లేదన్నాను. ఆ సీజనంతా వంద సార్లు అన్న మాటే, నిజం కావడం మాత్రం అదే మొదలు.

"రత్నా, నీకు?"

అమ్మ వడ్డించడం ఆపింది. ఈసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"మీ యాప్ బాగలేదు పాపా" అంది. "పొరపాటున రెండుసార్లు నొక్కితే ఒకటి ఎనక్కి తీసేదానికి లేదు. గాలి ముదిరితే మాటలు సరిగ్గా ఇనపడవు. ఇంగొకటేందో ఉండాది, గుర్తు చేసుకోని చెప్తా."

"ఆగమ్మా, రాసుకుంటా" అన్నాను. నా ముఖం చేటంత అయినట్టుంది, నాయన నన్ను చూసి నవ్వుతున్నాడు.

"నువ్వెందుకు, నాకు రాదా" అని అమ్మ నా చేతిలోని పెన్ను లాక్కుంది. ఎర్ర చీటీ మీద గుండ్రటి కన్నడ అక్షరాలతో తన రెండు తిట్లూ రాసి, మూడోదానికి చోటు వదిలింది. పళ్లెంలోంచి ఒక మెతుకు తీసి చీటీ వెనక మెదిపి, ఇన్నాళ్లూ తను ఒక్క చీటీ కూడా పెట్టని తన పేరు కింద, గాలికి ఊడిపోకుండా అరచేత్తో అదిమి అంటించింది.